గురువారం నీళ్ళ రీడింగు

జూలై వచ్చిందంటే నా పొద్దులన్నీ లేక్ ఒడ్డున ఒకే మాట చెప్పడంతో సరిపోతాయి. "ఇప్పుడు మస్కీకి గాలం వేయకండి, నీళ్ళు వేడిగా ఉన్నాయి." ట్రక్కు వెనక పడవ తగిలించుకుని వచ్చిన మనిషి అద్దం దించి నన్ను ఎగాదిగా చూస్తాడు. చంపుకు తిననులే, పట్టి వదిలేస్తాను అంటాడు. ఈ వేడిలో వదిలినా బతకదు అంటాను. కొందరు సరేనని వేరే చేపలకి వెళ్తారు. కొందరు నవ్వి పడవ దించుకుంటారు. పదకొండేళ్ళుగా ఇదే పాట. జీతం లేదు, అధికారం లేదు, ఒక నారింజ రంగు చొక్కా తప్ప. మా ఊరు అరోరాలో ఇంటికొచ్చి ఆఫీసు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేసరికి ఉసూరుమంటూ ఉంటుంది.

పోయిన ఏడాది నుంచీ ఆ మాట చెప్పడం మరీ కష్టమవుతోంది. కారణం ఎండ కాదు. నలుగురికీ చెప్పే మాటని నేనే ఒకసారి తప్పాను. అది ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

మస్కలంజ్ అనేది దాని పూర్తి పేరు. ఇక్కడ అందరూ మస్కీ అంటారు. మంచినీళ్ళ చేప. నాలుగడుగుల పొడవు పెరుగుతుంది, బాతు ముక్కులాంటి మూతి, లోపల రెండు వరసల పళ్ళు. నాచులో కదలకుండా పొంచి ఉంటుంది. వారాల తరబడి గాలం విసిరినా కన్నెత్తి చూడదు. నాకు మొదటిది పడటానికి రెండు వేసవులు పట్టింది. మా లేక్‌లో ఇవి ఎక్కువ లేవు. ప్రతి శరదృతువులోనూ వేలెడు పిల్లల్ని తెచ్చి వదులుతాం. వాటిలో ఏ కొన్నో బతికి పెద్దవుతాయి. అందుకే నలభై ఎనిమిది అంగుళాల లోపు చేపని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకూడదు. బతికున్నా, చచ్చినా నీళ్ళలోనే వదలాలి. అది చట్టం.

ఎండాకాలం సంగతి చట్టంలో లేదు. అది మాలాంటి వలంటీర్ల విన్నపం. నీళ్ళ వేడి ఇక్కడి కొలతలో ఎనభై డిగ్రీలు, అంటే మన కొలతలో ఇరవై ఏడు దాటితే మస్కీ జోలికి పోవద్దని. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. గాలానికి చిక్కిన చేప ఒళ్ళు హూనమయ్యేదాకా పెనుగులాడుతుంది. వదిలాక ఈదుకుంటూ వెళ్ళిపోతుంది కూడా. మనం హమ్మయ్య అనుకుంటాం. అది లోపలికి పోయి, ఏ రాత్రికో మర్నాటికో చచ్చిపోతుంది. ఎనభై వచ్చిన రోజున పడవలు దించేచోట ఎర్ర బోర్డు తగిలిస్తాను. తగ్గిన రోజున తీసేస్తాను. ఆ బోర్డు నా కారు డిక్కీలోనే ఉంటుంది.

మా మామగారు కిందటేడు జనవరి చివర్లో వచ్చారు. అత్తగారు పోయాక ఇదే మొదటిసారి రావడం. విజిటర్ వీసా, ఆరు నెలలు, జూలై మూడో వారంలో తిరుగు టికెట్. వచ్చిన కొత్తలో ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మంచు చూసేవారు. మంచు అయిపోయాక పార్కింగ్ చూసేవారు. ఏప్రిల్లో మా ఆవిడ తట్టుకోలేక, "మీరు ఎలాగూ రోజూ ఆ లేక్‌కి పోతారుగా, నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి బాబూ" అంది. మాకది పన్నెండు నిమిషాల డ్రైవ్. ఆఫీసు మొదటి మీటింగ్ లోపు వెళ్ళి రావచ్చు.

ఆయన మన కరెంటు డిపార్టుమెంటులో సబ్‌స్టేషన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు గంటగంటకీ మీటర్లు చూసి లాగ్‌షీటులో రాయడమే ఉద్యోగం. ఓల్టేజీ, లోడు, ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె వేడి. అందుకని నీళ్ళ వేడి చూసే పని ఆయనకి అప్పజెప్పాను. దారం కట్టిన థర్మామీటరు, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఆయన ముఖం ఎలా వెలిగిందో చూడాలి. మర్నాటి నుంచి ఆరున్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు కట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడేవారు. చెక్కవంతెన చివరిదాకా నడిచి, దారాన్ని చేతి లోతు దింపి, వాచీ చూసి మూడు నిమిషాలు ఆగి, తీసి, కళ్ళజోడు పైకెత్తి చూసి రాసేవారు. ఆ మూడు నిమిషాలూ నేను కారులో కూర్చుని ఆఫీసు మెసేజ్‌లు చూసుకునేవాణ్ణి.

ఒకరోజు యాభై నాలుగుకి బదులు నలభై అయిదు రాశారు. "వైట్‌నర్ ఉందండీ, ఇవ్వనా?" అన్నాను. నేనేదో దొంగతనం చేయమన్నట్టు చూశారు.

"లాగ్‌షీటులో చెరపకూడదండీ. తప్పు కూడా కనబడాలి. ఒక్క గీత కొట్టాలి, పైన సరైనది రాయాలి, పక్కన రాసినవాడి పొడి సంతకం. దాని పక్కన ఇంకోటి, చూసినవాడిది." నోటుబుక్కు నా ముందు పెట్టారు. "మీరు కూడా పెట్టండి."

పెట్టాను. లేక్ నీళ్ళకి ఇంత తతంగమా అని లోలోపల నవ్వుకున్నాను.

ఇక్కడ మా ఇద్దరి సంగతి చెప్పాలి. నా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నేనూ ఆయనా ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకున్నది లేదు. అంతా మొహమాటం. ఆయన నన్ను అల్లుడుగారూ అంటారు, మీరు అంటారు, నేను కూర్చునేదాకా కూర్చోరు. నేనూ అంతే. ఒకసారి ఆయన్ని తీసుకుని గుడికి వెళ్ళి వస్తున్నాం. ఆయనకి ఉక్కగా ఉంటుందని నేను ఏసీ పెంచాను. నాకు చలి. ఆయన చేతులు ముడుచుకు కూర్చున్నారు గానీ నోరు విప్పలేదు, నాకు ఉక్కగా ఉందేమో అనుకున్నారట. గంట ప్రయాణం. ఇద్దరం తుమ్ముకుంటూ దిగాం. మా ఆవిడ వారం రోజులు నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను.

మే, జూన్ నెలల్లో నాలుగు శనివారాలు ఆయన్ని పడవలో తీసుకెళ్ళాను. మస్కీ మాట దేవుడెరుగు, దాని నీడ కూడా కనబడలేదు. ఆయన ఏమీ అనలేదు. కానీ ఒకరోజు ఊళ్ళో తన పాత స్నేహితుడితో ఫోనులో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. "ఇక్కడ నాలుగడుగుల చేపుందిరా. మా అల్లుడుగారు చూపిస్తానన్నారు. ఆయన మాటంటే మాటే." ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆయన వెళ్ళే వారంలో గురువారానికి లీవు పెట్టాను. ఆయనకి చేపలు పట్టడానికి మళ్ళీ మూడు రోజుల లైసెన్సు తీసుకున్నాను.

ఆ వారమే ఎండ ముదిరింది. సోమవారం ఎనభై. బోర్డు తగిలించాను. మంగళవారం ఎనభై ఒకటి, బుధవారం ఎనభై రెండు. బుధవారం సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి, నేల కూడా తడవలేదు. భోజనాల దగ్గర ఆయన, "రేపు మీరు లీవు పెట్టుకున్నారు కదండీ" అన్నారు. వెళ్దామని అడుగుతున్నారనుకున్నాను. "పెట్టానండీ, మీరు పెందలాడే తయారుగా ఉండండి" అన్నాను. "అలాగేనండీ, మీరెలా అంటే అలాగే" అన్నారు. ఆ మాటకి నేను చాలా అర్థం చెప్పుకున్నాను.

గురువారం తెల్లవారాక ఇద్దరం లేక్ దగ్గరికి చేరాం. నేను పడవ ఉన్న ట్రైలర్ని వెనక్కి దించుతుంటే ఆయన థర్మామీటరు పట్టుకుని వంతెన చివరికి వెళ్ళారు. ఆ రోజు మూడు నిమిషాల కంటే ఎక్కువే ఉన్నారు. వచ్చి, నా వైపు చూడకుండా, "డెబ్బై తొమ్మిదండీ" అన్నారు.

ఒక్క రాత్రిలో మూడు డిగ్రీలు. నాలుగు చినుకులకి. నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు, పదకొండేళ్ళుగా ఆ నీళ్ళతో ఉన్నవాణ్ణి. నమ్మలేదు. కానీ ఏదీ ఒకసారి చూడనివ్వండి అనలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళు రీడింగులు రాసిన మనిషి రీడింగుని అనుమానించినట్టు ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదని అప్పుడే తెలుసు. పడవలో చేపల్ని చూపించే మిషను ఉంది, ఆన్ చేస్తే నీళ్ళ వేడి కూడా చూపిస్తుంది. బ్యాటరీ ఆదా అవుతుందని దాన్ని ఆన్ చేయలేదు. ఎర్ర బోర్డు నా చేత్తోనే విప్పి డిక్కీలో పడేశాను. బోర్డు లేదు కదా అని మా వెనకే ఇంకో రెండు పడవలు కూడా దిగాయి.

రెండు గంటలు విసిరాం. గాలాన్ని చివరికంటా లాక్కున్నాక వెంటనే పైకి తీయకూడదు. పడవ పక్కనే నీళ్ళలో ఎనిమిది అంకె గీసినట్టు తిప్పాలి, వెంటాడి వచ్చిన చేప ఒక్కోసారి అక్కడ అందుకుంటుంది. మామగారు ఆ ఎనిమిదిని ఎప్పుడూ శ్రద్ధగా గీసేవారు. తొమ్మిది కావస్తుండగా ఆయన ఎనిమిదిలోకి ఆకుపచ్చగా ఏదో వచ్చి నోరు తెరిచింది. కర్ర విల్లులా వంగింది.  "ఏం చేయమంటారండీ, ఏం చేయమంటారండీ" అని ఆయన ఒకటే కేక. నేను ఆయన నడుం పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకి పైగా పెనుగులాడింది. ఎట్టకేలకు పెద్ద వలలోకి వచ్చింది.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు వేడీ లేదు, బోర్డూ లేదు.  చేపని వలలో, నీళ్ళలోనే ఉంచి గాలం తీశాను. ఒక కొక్కెం రాకపోతే కట్టర్‌తో తుంచాను. కొలిచాను, నలభై అయిదు అంగుళాలు. వీపు రెక్క దగ్గర పసుపు రంగు గుర్తు, దాని మీద అంకె. వసంతంలో చేపల లెక్క చూసినప్పుడు గుర్తు వేసిన ముసలి ఆడచేప అది, నాకు తెలుసు. పదిహేనేళ్ళు దాటి ఉంటుందని చెప్పాను.

"అంటే మీ చిన్నమ్మాయి ఈడుది" అన్నారు మామగారు. చెయ్యి తడిపి దాని వీపు మీద మెల్లగా పెట్టారు. "ఇక వదిలేద్దామాండీ?"

అక్కడైనా ఆగి ఉండాల్సింది. "ఒక్క ఫోటో అండీ, మీవాళ్ళకి చూపించాలి కదా" అన్నాను. ఆయనకి నేర్పించి ఉన్నాను, రెండు చేతుల మీదా అడ్డంగా, పొట్ట కింద ఆసరా ఇచ్చి ఎత్తారు. మొదటి ఫోటోలో ఆయన కళ్ళు మూసుకున్నారు. ఇంకోటి తీశాను. నలుగురికీ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకోండి, మీకు ఊపిరాడనప్పుడు దానికీ ఆడదు అని చెప్పేవాణ్ణి. నేను లెక్కపెట్టలేదు.

నీళ్ళలో పెట్టాక అది పక్కకి ఒరిగింది. తోక పట్టుకుని నిలబెట్టాను. మళ్ళీ ఒరిగింది. అరగంట అలాగే పట్టుకున్నాం, కాసేపు నేను, కాసేపు ఆయన. ఆయన పడవ అంచు మీద బోర్లా పడుకుని, మోచేతులదాకా నీళ్ళలో పెట్టి, "లేమ్మా, లేమ్మా" అంటూ ఉన్నారు. చివరికి తోక ఆడించింది. ఆయన చేతుల్లోంచి జారి కిందికి వెళ్ళిపోయింది.

"వెళ్ళిందండీ" అన్నారు. ఒడ్డు చేరేదాకా చేప వెళ్ళినవైపే చూస్తూ కూర్చున్నారు. అలసట అనుకున్నాను.

శుక్రవారం ఎప్పటిలాగే వెళ్ళాం. ఎనభై రెండన్నారు. బోర్డు మళ్ళీ తగిలించాను. ఆయన కారులో కూర్చుని నోటుబుక్కులో ఎప్పటికంటే ఎక్కువసేపు రాశారు. తర్వాత దానికి రబ్బరు బ్యాండు వేసి గ్లవ్ బాక్సులో పెట్టారు. శనివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో దింపాం. సెక్యూరిటీ లైన్లోకి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మన చేప సంగతి చెప్తూ ఉండండి" అన్నారు.

ఇంటికి వస్తుండగా ఫోను వచ్చింది. నాతోపాటు లేక్ చూసుకునే ఇంకో వలంటీరు, ఉత్తరాలు పంచి రిటైరైన ముసలాయన. ఒడ్డున రెల్లులో మస్కీ తేలిందని. మా ఆవిణ్ణి ఇంట్లో దింపి వెళ్ళాను. పసుపు గుర్తు, అదే అంకె. ఉబ్బిపోయి, పొట్ట పైకి తిరిగి ఉంది. ఎవరు పట్టారో తెలుసా అని అడిగాడాయన. నేనే అన్నాను, గురువారం రీడింగు డెబ్బై తొమ్మిదని కూడా చెప్పాను. పాపం, నా భుజం తట్టి, నువ్వు జాగ్రత్తపడ్డావుగా, డెబ్బై తొమ్మిదేగా, ఒక్కోసారి ఇలా అవుతుంది అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నలభై అయిదు అంగుళాలు కనక ఇంటికి తేవడానికి లేదు, ఒక ముద్దకైనా పనికిరాదు. గుర్తు కోసుకుని, తెడ్డుతో దాన్ని లోతులోకి నెట్టాం.

చేప గురించి పై ఆఫీసుకి పంపిన రిపోర్టులో నీళ్ళ వేడి డెబ్బై తొమ్మిది అనే రాశాను.

ఆదివారం రాత్రి మామగారు వీడియో కాల్ చేశారు, ఊరు చేరానని. వెంటనే, "చేప బాగుందా అండీ?" అని అడిగారు. అంత దూరం ప్రయాణం చేసి వెళ్ళిన పెద్దాయన.  "బాగుందండీ" అన్నాను. తర్వాతి ఆదివారం మళ్ళీ అడిగారు. బాగుందండీ. ఆ పై ఆదివారం కూడా. నాకు విసుగొచ్చింది. చచ్చిన చేప కుశలం వారం వారం చెప్పడం ఎంత పెద్ద పనో చెప్పలేను. పొద్దున్నే లేక్‌కి వెళ్ళి, రీడింగు ఫోన్‌లో ఎక్కించుకుని వచ్చేసేవాణ్ణి. ఆ నోటుబుక్కు తెరవబుద్ధి కాలేదు.

ఆగస్టులో మా లేక్ చూసే బయాలజిస్టు నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆవిడ మర్యాదగానే అడిగింది. ముందు రోజూ తర్వాతి రోజూ ఎనభై రెండు ఉండగా మధ్యలో డెబ్బై తొమ్మిది ఎలా వచ్చింది, మీ థర్మామీటరు సరిగ్గా ఉందా, ఒకసారి చూస్తారా అని. గ్లాసులో ఐసు ముక్కలు, నీళ్ళు పోసి థర్మామీటరు పెట్టాను. సరిగ్గా ముప్పై రెండు, అంటే మన కొలతలో సున్నా చూపించింది, ఎంత చూపించాలో అంత. అబద్ధం దానిది కాదు.

అప్పుడు కారు దగ్గరికి వెళ్ళి గ్లవ్ బాక్సు తెరిచాను. రబ్బరు బ్యాండు తీశాను. గురువారం లైనులో డెబ్బై తొమ్మిది మీద ఒక్క గీత. పైన ఎనభై రెండు. పక్కన మామగారి పొడి సంతకం, శుక్రవారం తేదీ. దాని పక్కన, చూసినవాడి సంతకం చోటు ఖాళీగా ఉంది.

 ఆయన మూడు ఆదివారాలు చేప గురించి ఎందుకడిగారో అప్పుడర్థమైంది.

ఆ ఆదివారం ఆయన అడగకముందే చెప్పేశాను. "మామయ్యగారూ, ఆ చేప పోయిందండీ. మీరు ఫ్లైట్ ఎక్కిన రోజే తేలింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పుస్తకం చూశారా?"

"చూశానండీ."

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రీడింగు తప్పు రాయలేదండీ నేను. మీరు నా కోసం లీవు పెట్టుకున్నారు. ఎనభై రెండని చెప్తే మీరు పడవ ట్రైలర్ మీదికి ఎక్కించేస్తారు, మీరు చిన్నబుచ్చుకుంటారు. నోటికి అలా వచ్చేసింది."

"నాకు తెలుసండీ అది డెబ్బై తొమ్మిది కాదని" అన్నాను. "మీరు మీ స్నేహితుడికి చెప్పుకున్నారు కదా, అల్లుడు చూపిస్తానన్నాడని. మీరు వెళ్ళిపోతున్నారు. వద్దని ఎలా అనను?"

"అయ్యో, అది ఏదో మాటవరసకి అన్నానండీ. నాకు ఆ రోజు నడుం పట్టేసింది. పడవ ఎక్కాలంటేనే భయమేసింది."

"నాకు ముందు రోజు ఆఫీసు పనితో సరిగ్గా నిద్రే లేదండీ. మీరు వద్దంటే బాగుణ్ణు అనుకున్నాను."

వంటింట్లో వింటున్న మా ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "అంటే మీ ఇద్దరిలో ఒక్కరికీ వెళ్ళాలని లేదా?" ఈసారి తను నవ్వలేదు.  పదిహేనేళ్ళు ఆ నీళ్ళలో బతికిన జీవి. వలలకీ, ఎండలకీ, నాలాంటి వాళ్ళ గాలాలకీ తప్పించుకుంది. మా మర్యాదకి చచ్చిపోయింది.

బయాలజిస్టుకి ఎనభై రెండు అని రాశాను, తెలిసే వెళ్ళామని కూడా రాశాను. "సరిచేశాను, థాంక్స్" అని మాత్రం ఆవిడ జవాబిచ్చింది. తర్వాత నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. నా కోసమే ఆ చోటు వదిలారా అని మామగారిని అడగొచ్చు. అడగలేదు, మొహమాటమేసింది. ఆయన సంతకం పక్కన నాదీ పెట్టాను.